రంగూనామె కుండనీళ్లు

సుల్తానాబాద్‌లో మా ఆడబిడ్డ మనుమరాలి పెండ్లి. బంతిలో కూర్చున్నాం. నా పక్కన కూర్చున్న ఆమె ఒకప్పుడు మందమర్రిలో మా లైను ఇండ్లలోనే ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది. నోట్లో ముద్ద పెట్టుకుంటూ, పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అన్నది.

"అక్కా, నీకెరికేనా? రంగూనామె పోయింది."

నా చెయ్యి విస్తట్లోనే ఉండిపోయింది.

"ఎప్పుడు?"

"మొన్న ఎండకాలం. నీకెవలు చెప్పలేదా?"

ఎవరు చెబుతారు? ఆమె నాకు చుట్టం కాదు, మా కులం కాదు, మా దేశం కూడా కాదు. అయినా నా నోటి నుంచి వచ్చిన తర్వాతి మాట చుట్టాలు అడిగే మాటే.

"గొంతుల నీళ్లెవలు పోసిండ్రు?"

పక్కనామె నా మొహం చూసింది. "బువ్వ కాడ గా ముచ్చటెందుకక్కా? ముందుగాల తిను. చేతులు కడుక్కున్నంక చెప్త."

మా వైపు అంతే. తిండి దగ్గర చావు మాట ఎత్తకూడదు, ఎత్తింది తామే అయినా సరే. ఆమె పెరుగు కోసం కేకేసింది. నేను విస్తట్లో అన్నం కెలుకుతూ కూర్చున్నాను. కండ్ల ముందు మాత్రం చెంపలకు తెల్లటి పూత పూసుకున్న ఒక చిన్న మనిషి నిలబడింది.

నేను కాపురానికి వచ్చేనాటికి మందమర్రి ఊరు కాదు, బొగ్గుబాయి. బాయి చుట్టూ పనివాళ్ల ఇండ్లు, లైన్లు లైన్లుగా. అక్కడ ఎవరూ ఆ మట్టికి పుట్టినవాళ్లు కాదు. ఒకరిది మంథని వైపు, ఒకరిది జగిత్యాల వైపు, ఇంకొకరు గోదావరి అవతల నుంచి వచ్చినవాళ్లు. వచ్చి మూటలు విప్పుకున్న మర్నాటి నుంచే ప్రతివాళ్లూ పాతకాపులైపోయేవాళ్లు. తర్వాత దిగినవాళ్లను చూసి "ఏడికెల్లి వస్తరో ఏమో" అని మూతి తిప్పేవాళ్లు. మా ఆయన బాయి మీద హాజరు రాసే గుమాస్తా. ఆ కాస్త కలం చలవతో మాది లైనులో గౌరవమైన ఇల్లు. ఆ గౌరవాన్ని కాపాడే పని మా అత్తది.

మా పక్కన, లైను చివరి ఇంట్లోకి ఆ ఆలుమొగలు దిగారు. అతనిది హుస్నాబాద్ వైపు పల్లె. చిన్నప్పుడే కూలివాళ్లతో కలిసి రంగూన్ పోయి, అక్కడ బియ్యం మిల్లులో చాలా ఏండ్లు పనిచేశాడు. ఆ దేశంలో మనవాళ్లకు పనులు లేకుండా పోయిన రోజుల్లో తిరిగి వచ్చి బాయిలో బొగ్గు నింపే పనికి కుదిరాడు. వస్తూ వస్తూ పెండ్లాన్ని తెచ్చుకున్నాడు. అక్కడ ఉన్నన్నాళ్లూ అతను పరదేశి. ఇప్పుడు ఆ వంతు ఆమెది.

ఆమె పేరు అతను ఒకసారి చెప్పాడు. మా నోళ్లకు అది తిరగలేదు. రంగూనామె అన్నాం. ఆ పేరే నిలిచింది.

మొదటి రోజు లైనంతా ఆమెను చూడటానికి వచ్చింది. చీర లేదు. పూల పూల లుంగీ, పైన పొట్టి రవిక. ఎముకలు లేవేమో అనిపించేంత మెత్తటి నడక. ఏదో చెక్కను రాతి మీద అరగదీసి చెంపలకు గుండ్రంగా పూసుకునేది. "మొగోళ్ల లుంగీ కట్టుకున్నది" అని ఒకామె, "మొఖానికి సున్నమేసుకున్నది" అని మా అత్త. ఆమెకు మాట అర్థం కాలేదు గాని నవ్వు అర్థమైంది. తనూ నవ్వింది. అప్పుడు మాకే సిగ్గేసింది.

ఆమెకు కష్టాలంటే పెద్దవేమీ కావు. ఈగల్లాంటివి, తోలినా మళ్లీ వచ్చి వాలేవి. దుకాణంలో వేలు పెట్టి చూపించింది ఒకటైతే పొట్లం కట్టింది ఇంకొకటి. జొన్నరొట్టె ఆమె గొంతు దిగదు. ఎండుచేపలు నూరి ఏదో చేసుకుంటే ఆ వాసనకు లైనంతా ముక్కులు మూసుకొని పోట్లాటకు వచ్చింది. మళ్లీ చేసుకోలేదు. నల్లా దగ్గర అందరి బిందెలూ నిండాకే ఆమె బిందె. ముందు వచ్చి నిలబడ్డా అంతే. కొన్నిసార్లు ఆమె వంతు వచ్చేసరికి నల్లా కట్టేసేవారు. అప్పుడు వాగు దాకా నడిచిపోయేది. అన్నిటికీ మించి ఠాణా. పరదేశి కాబట్టి అప్పుడప్పుడు పోయి కనబడి రావాలి. పొద్దున బస్సెక్కి పోయి, ఠాణా ముందు చెట్టు కింద సాయంత్రం దాకా కూర్చుంటే అక్కడి జవాను చివరికి అడిగేది ఒకటే మాట. "మీ దేశం ఎప్పుడు పోతవ్?"

ఆమె చెప్పేదీ ఒకటే. "ఫికర్ లేదు."

అది ఆమెకు వచ్చిన మొదటి మాట. నీళ్లు దొరక్కపోతే ఫికర్ లేదు, బియ్యంలో రాళ్లుంటే ఫికర్ లేదు. అది విని జవాను పగలబడి నవ్వేవాడట.

రెండో మాట ఆమె మొగడు నేర్పాడు. మనం ఎదురుపడితే "మంచిగున్నవా" అంటాం కదా, ఆమె అలా అనేది కాదు. ఎవరు కనబడినా కాస్త వంగి, "దూపైతుందా?" అని అడిగేది. దాహమవుతుందా అని. పొద్దున్నే ఐనా, వాన కురుస్తున్నా అదే పలకరింపు. మేం నవ్వుకుంటూ "ఐతలేదు" అనేవాళ్లం. పిల్లలైతే ఆమెను వెక్కిరించడానికి దూరం నుంచే "ఐతలేదూ" అని అరిచి పరుగెత్తేవాళ్లు.

ఆమె ఆ మాట ఊరికే అనలేదు. ఇంటి ముందు కుండ పెట్టింది కాబట్టి అన్నది.

బాయిలో పైకప్పు కూలకుండా ఆనించే దుంగలుంటాయి. అరిగి పారేసిన వాటి ముక్కలతో అతను పొడుగు కాళ్ల పీట ఒకటి చేసి, బాయికి పోయే దారి పక్కన పాతాడు. దాని మీద ఆమె మట్టికుండ పెట్టి నీళ్లు నింపి, మూత పెట్టి, మూత మీద పిడి ఉన్న కొబ్బరిచిప్ప బోర్లించింది. ఆ చిప్ప రంగూన్ నుంచి వచ్చింది. చేతుల్లో నలిగి నలిగి నల్లగా మెరిసేది.

ఎండాకాలం చలివేంద్రాలు మనకు కొత్తవి కావు. కాని అక్కడ పోసేవాళ్లుంటారు, పోసేవాళ్ల కులం ఊరికి తెలుసు. ఇదేమో ఏడాది పొడుగునా ఉండే కుండ. ఎవరైనా మూత తీసి ముంచుకోవచ్చు. అసలు చిక్కు అదే. ఎవరు ముంచారో తెలియదు, నింపిన మనిషి ఏమిటో అంతకన్నా తెలియదు.

"ఇంతకు దానిదేం కులమే?" అని మా అత్త నన్ను అడిగింది.

"బర్మా అంట అత్తా."

"బర్మా గూడ కులమేనా?"

ఆ ప్రశ్నకు మా లైనులో ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు లేని నీళ్లు ఎవరూ తాగలేదు. నేనూ తాగలేదు. మా అత్త బతికుండగా ఆ పని చేసే గుండె ధైర్యం ఉంటే నేను బాయిలోనే పని చేసుకొని బతికేదాన్ని.

ఆమె మాత్రం రోజూ పొద్దున్నే నిన్నటి నీళ్లు ములగచెట్టు పాదులో పోసి, కుండ కడిగి, కొత్త నీళ్లు నింపేది. దీని మీద నల్లా దగ్గర పెద్ద రచ్చ జరిగింది. "తాగేటోడు లేడు, అడిగేటోడు లేడు. మా పిల్లలకు నీళ్లు లేక మేం పరేషానైతాంటె నువ్వు చెట్టుకు పోస్తున్నవా?" అని ఒకామె ఆమె బిందెను కాలితో తన్నింది. ఆమె బిందె ఎత్తుకుంది. ఆ రోజు ఫికర్ లేదు అనలేదు. వాగు దారి పట్టింది.

ఆ సాయంత్రం ఆమె మొగడు మా అరుగు మీద కూర్చొని మా ఆయనకు చెప్పుకున్నాడు. మా అత్త తలుపు వెనక, నేను అత్త వెనక.

"సారూ, నేను రంగూన్ల ఓడ దిగిన దినం నాకు ఆడి మాట ఒక్కటి రాదు. పోరగాండ్లు ‘కలా, కలా’ అనుకుంట ఎంటవడ్డరు. మనోళ్లను ఆడ గట్లనే అంటరు. ఎండకు నాలుక ఎండుకపోయింది. ఎవలనడుగాలె, ఏమని అడుగాలె? జూస్తే ఇంటింటి ముంగట కుండ. ఒకదాని మూత తీసి తాగిన. తాగుతాంటే ఇంట్లకెల్లి ఒక పిల్ల బయటికచ్చింది. ఇగ కొడ్తరనుకున్న. గా పిల్ల కుండల తొంగి జూసి, నీళ్లు తక్కువైనయని లోపలికి పోయి బిందె తెచ్చి పోసింది. నా దిక్కు జూసి ఒక్క మాట అడుగలే. ఏ ఊరు అనలే, ఏ కులం అనలే."

"ఈమేనా?" అన్నారు మా ఆయన.

"గీమెనే." అతను తల దించుకొని నవ్వాడు. "వాళ్లకాడ ఇంటి ముంగట కుండ లేకపోతె, గా ఇంట్ల మనుషులు లేరనుకుంటరు సారూ. ఎవలన్న ఒక్కలు తాగితె సాలు. అదొక్కటే అడుగుతది నన్ను రోజు. ఇయ్యాల ఎవలన్న తాగిండ్రా అని."

మా అత్త లోపలికి వస్తూ గొణిగింది. "వీడు ఆడ గతి లేక తాగిండు. మనకేం గతి లేదా, నల్లా లేదా?"

కాని మా అత్తకూ ఆమెకూ అప్పటికే ఒక స్నేహం ఉంది. అది పెరట్లో సాగే రహస్యం. మా అత్త చుట్ట కాలుస్తుంది. గుమాస్తా తల్లి కాబట్టి వీధి వైపు కాల్చదు. రంగూనామె కూడా చుట్ట కాలుస్తుంది, పొడుగ్గా, ఆకుతో తనే చుట్టుకున్నది. ఒకరోజు అగ్గిపెట్టె మెత్తబడి మా అత్త చిరాకు పడుతుంటే, అటు పక్క దడి మీది నుంచి వెలుగుతున్న చుట్ట ఒకటి ముందుకొచ్చింది. కుడి చెయ్యి చాచింది ఆమె. ఎడమ చెయ్యి ఆ కుడి మోచేతి కింద ఆనించి ఉంది. ఏది ఇచ్చినా ఆమె అలాగే ఇచ్చేది, గుడిలో ప్రసాదం పెడుతున్నట్టు. ఉప్పురాయి ఇచ్చినా, అప్పు తెచ్చుకున్న గరిటె తిరిగి ఇచ్చినా ఆ ఎడమ చెయ్యి మోచేతి కిందికి పోవాల్సిందే.

మా అత్త అంటించుకుంది. ఆ రోజు నుంచి పొద్దు వాలేవేళ దడికి ఇటొకరు అటొకరు, ఒకరి చుట్టకు ఒకరు నిప్పు. ఈమెకు ఆమె భాష రాదు, ఆమెకు ఈమె భాష రాదు. ఐనా మా అత్త గంటల తరబడి కోడళ్ల మీద చాడీలు చెప్పేది. అవతల నుంచి "ఫికర్ లేదు" అని వినపడేది.

"అగ్గి తీసుకోవచ్చు గాని నీళ్లు తీసుకోవద్దా అత్తా?" అని నేనడిగాను ఒకసారి, ఊరుకోలేక.

"అగ్గి కడుపులకు పోతదా పిల్లా?" అన్నది. ఆ తర్వాత రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాతి ఎండాకాలంలో బాయిలో పైకప్పు జారింది. సైరన్ వేళ కాని వేళ కూసింది. లైన్లలో ఆడవాళ్లందరం ఇండ్ల ముందుకు వచ్చి నిలబడ్డాం. ఎవరి మొగడో తెలిసేదాకా అందరి మొగళ్లూ పోయినట్టే. మిట్ట మధ్యాహ్నం దాటాక దవాఖాన వైపు నుంచి మనుషులు మంచం మోసుకొస్తూ కనబడ్డారు. ఒక్కొక్క ఇల్లు దాటుతుంటే ఆ ఇంటి ఆడది కూలబడి ఊపిరి తీసుకునేది. మంచం లైను చివరిదాకా పోయింది.

శవాన్ని దించారు. మా అత్త అందరికన్నా ముందు పోయి శోకం ఎత్తుకుంది. చావు దగ్గర కులం ఎంచదు మా అత్త, ఆ మాట చెప్పాలి. రంగూనామె మాత్రం ఏడవలేదు. అతని కాళ్ల దగ్గర కూర్చొని, మొహం మీది బొగ్గుదుమ్మును కొంగు లేదు కాబట్టి రవిక చేతి అంచుతో తుడుస్తూ ఉంది.

మోసుకొచ్చినవాళ్లు బయట నిలబడ్డారు. ఒళ్లంతా బొగ్గు. చెమటకు చారలు కట్టిన మొహాలు. వాళ్లలో ఒకడు ఎదురుగా ఉన్న కుండ మూత తీశాడు. చిప్పతో ముంచుకొని గటగటా తాగాడు. చిప్ప ఇంకొకడు అందుకున్నాడు. ఆ తర్వాత ఇంకొకడు. వాళ్లు ఏమీ ఆలోచించలేదు. దూప, అంతే. కాసేపటికి చిప్ప కుండ అడుగున గీరుకున్న చప్పుడైంది.

ఆ చప్పుడుకు ఆమె తలెత్తింది. లేచింది. లోపలికి పోయి బిందె తెచ్చి కుండ నింపింది. నింపి అక్కడే నిలబడి, వచ్చినవాళ్లను వచ్చినట్టు "దూపైతుందా?" అని అడుగుతూ, ఎడమ చెయ్యి మోచేతి కింద పెట్టి చిప్ప అందించడం మొదలుపెట్టింది. ఒక్కరు తాగితే చాలని రోజూ మొగణ్ని అడిగిన మనిషి. ఆ రోజు అందరూ తాగారు. చెప్పడానికి అతను లేడు.

"పిస లేసింది దీనికి" అన్నారు ఆడవాళ్లు, పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తూ. మా అత్త శోకం ఆపింది. ఆమెనే చూసింది.

హుస్నాబాద్ నుంచి అతని అన్నదమ్ములు వచ్చారు, నిప్పు పెట్టారు, పోయారు. ఆమెను రమ్మని అనలేదు, ఉండమనీ అనలేదు. మైల దినాలలో ఇంట్లో మట్టికుండలు ఉంచకూడదు కదా. ఆమెకు చేసేవాళ్లు లేరని లైను ఆడవాళ్లే జాలిపడి పోయారు. ఇల్లు అలికారు, బట్టలు తడిపారు, ఉన్న కుండలన్నీ తీసుకుపోయి గుట్ట దిక్కు పగలగొట్టి వచ్చారు. మంచి మనసుతోనే చేశారు. బయట పీట మీద ఉన్న కుండనూ వదల్లేదు.

ఆమె స్నానం చేసి బయటికి వచ్చి ఖాళీ పీట చూసింది. అప్పుడు వచ్చింది ఏడుపు. పీటను రెండు చేతులా పట్టుకొని, మాకెవరికీ రాని ఆ భాషలో ఏదో అంటూ ఏడ్చింది. దూడ తప్పిపోయిన ఆవు అరుపులాగా ఉంది అది.

"మొగడు పోతె ఏడ్వలే, కుండ పోతె ఏడుస్తాంది" అని ఒకామె బుగ్గలు నొక్కుకుంది.

"నోరు ముయ్యే" అన్నది మా అత్త. అంత మెల్లగా మా అత్త ఎవరినీ తిట్టగా నేను వినలేదు. ఆ సాయంత్రం చుట్ట కూడా ముట్టుకోలేదు.

అంగడి రోజు వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలని మా అత్త, ఎవరికీ చెప్పకుండా పోయి కొత్త కుండ నెత్తిన పెట్టుకొని వచ్చింది. లైను మొదటి నుంచి చివరిదాకా అందరూ చూస్తుండగా నడిచింది. పీట మీద కుండ దించింది. రంగూనామెను చెయ్యి పట్టుకొని బయటికి తీసుకొచ్చి, "నింపు" అన్నట్టు కుండ వైపు చూపించింది. ఆమె నింపింది. మా అత్త ఆ దారిలో మట్టిలోనే గొంతుకూర్చొని, దోసిలి పట్టింది.

"పొయ్యి."

ఆమెకు అర్థం కాలేదనుకుంటాను. అర్థమైనా నమ్మకం కలగలేదేమో. చిప్ప చేతిలో పట్టుకొని నిలబడింది.

"దూపైతుంది. పొయ్యి బిడ్డా."

ఆ మాట ఆమెకు తెలుసు. ముంచింది. ఎడమ చెయ్యి మోచేతి కిందికి పోయింది. సగం నీళ్లు మా అత్త చీర మీదే పడ్డాయి. మా అత్త తాగి, మూతి తుడుచుకొని, చుట్టూ ఒకసారి చూసింది.

"సల్లగున్నయి. తాగేటోళ్లు తాగుండ్రి, తాగనోళ్లు ఇండ్లల్లకు పోండ్రి. నిలవడి నా మూతి జూసుడెందుకు?"

ఇంట్లోకి వచ్చాక నేను ఉండబట్టలేక అడిగాను. "మరి కులమో అత్తా?"

"నేను కులం తాగిన్నా పిల్లా? నీళ్లు తాగిన."

క్వార్టరు బాయిలో పనిచేసేవాళ్లకే కాబట్టి ఆమె ఖాళీ చేయాల్సి వచ్చింది. దారి మలుపులో గుడిసె వేసుకుంది. పీటను పెకిలించి తనే మోసుకుపోయింది. తునికాకుతో బీడీలు చుట్టి బతికింది. చుట్టలు చుట్టిన చెయ్యి కదా, ఆ పని ఒక్కపూటలో పట్టుబడింది. ఠాణాకు ఈసారి మా అత్త తోడు పోయింది. జవాను మామూలుగా "మీ దేశం ఎప్పుడు పోతవ్?" అని అడిగితే, ఈసారి ఆమె ఫికర్ లేదు అనలేదట. కొద్దికొద్దిగా వచ్చిన తెలుగును కూడగట్టుకొని, "మా ఇంటాయన ఈడ్నే ఉన్నడు" అన్నదట. జవాను నవ్వలేదట.

"ఏ దేశమేంది సారూ, మా లైను మనిషే గీమె" అని మా అత్త కల్పించుకుంది. "జర జల్ది పంపు, పొద్దు వోతాంది." అతను లేచి వచ్చి బస్సు ఆపి, ఇద్దరినీ ఎక్కించి, సీటు ఇప్పించి పోయాడని మా అత్త ఎన్నిసార్లు చెప్పుకుందో.

ఇంకో రెండు ఎండాకాలాలు గడిచాయి. మా అత్త మంచం పట్టింది. చివరి రోజున కొడుకులందరూ వచ్చారు. తులసి వేసిన నీళ్లు చెంచాతో నోటి దగ్గర పెడితే పెదవులు బిగించింది. పెద్ద కొడుకు పెట్టినా అంతే, మా ఆయన పెట్టినా అంతే. "రంగూనామెను పిలువుండ్రి" అన్నది. మా బావగారి మొహం మాడింది. ఎవరూ కదలకపోతే నేనే పోయాను.

ఆమె బీడీల చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కొని, కుండలో చిప్ప ముంచుకొని ఆ నీళ్లు తొణకకుండా దారంతా నడిచి వచ్చింది. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"దూపైతుందా?"

"ఐతుంది బిడ్డా" అన్నది మా అత్త.

కుడి చేత్తో చిప్ప, ఎడమ చెయ్యి మోచేతి కింద. కొంచెం కొంచెంగా పోసింది. మా అత్త గుటకలు వేసింది. కొడుకుల చేతి నీళ్లు దిగని గొంతులో ఆ నీళ్లు దిగాయి. సాయంత్రానికి మా అత్త పోయింది.

తర్వాత మా ఆయన పని మానుకొని కరీంనగర్ వచ్చేశాం. వచ్చేరోజు బస్సు ఆ మలుపు దగ్గర నెమ్మదించింది. ఆమె గుడిసె ముందు కూర్చొని బీడీలు చుడుతోంది. తల మీద నెరిసిన వెంట్రుకల్లో ఏదో అడవిపువ్వు. షిఫ్టు దిగిన కుర్రవాళ్లు ఇద్దరు కుండ దగ్గర నిలబడి తాగుతున్నారు. ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. ఏదో అన్నది, బస్సు రొదలో వినపడలేదు. వినపడకపోయినా ఏమన్నదో నాకు తెలుసు.

బంతి లేచింది. చేతులు కడుక్కున్నాం. పక్కనామె తాంబూలం మడుచుకుంటూ పందిరి గుంజకు ఆనుకుంది.

"ఇప్పుడు చెప్పు" అన్నాను.

"ఏం చెప్పాల్నక్కా. ఎవలు పొయ్యలే." ఆమె గొంతు తగ్గించింది. "మా దిక్కు నల్లాలు రాక అందరం పరేషానైతున్న దినాలవి. వాగు గూడ ఎండింది. పొద్దుగాల షిఫ్టుకు పోయేటోళ్లు తాగుదామని ఆగిండ్రట. కుండ నిండుగున్నది. మూత మీద చిప్ప బోర్లిచ్చి ఉన్నది. మనిషి కనవడలే. లోపలికి పోయి జూస్తె కింద పడి ఉన్నది. పానం పోయింది అప్పటికే. పక్కన బిందె ఒట్టిది. చెంబు ఒట్టిది. ఇంట్ల సుక్క నీళ్లు లెవ్వక్కా. ఉన్నయన్ని బయటి కుండల్నే పోసింది."

ఆమె మడిచిన తాంబూలం నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుంది.

"మంది మాత్రం బగ్గ అచ్చిండ్రు. మూడు బాయిల మంది. మోసేటోళ్లందరు గా కుండల నీళ్లే తాగిండ్రు. ఎండ గదా. నేను గూడ తాగిన." కండ్లు తుడుచుకుంది. "సల్లగుండె."

నాకు ఏడుపు ఆగలేదు. పెండ్లిపందిట్లో ఏడవకూడదని తెలుసు. ఎవరైనా చూస్తే అశుభం అంటారని కూడా తెలుసు. మా అత్త గొంతులో నీళ్లు పోసిన చెయ్యి అది. నేను కరీంనగర్‌లో నల్లా తిప్పుకొని కడుపునిండా తాగి పడుకున్న ఏ పొద్దుననో, ఆ చెయ్యి ఒట్టి చెంబు పక్కన పడి ఉంది. కనబడిన మనిషినల్లా ఆ ఒక్క మాట అడుగుతూ బతికింది కదా. ఆ మాటను తిరిగి ఆమెను అడిగినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా అని వెతుక్కున్నాను. ఎవరూ గుర్తుకు రాలేదు. మా అత్త తాగింది, తిట్టింది, వెంట పోయింది, ఐనా ఆ మాట అడగలేదు. ఎవరమూ అడగలేదు. ఆమె ఇంటి ముందు కుండ ఉంది కదా, ఆమెకేం దూప అనుకున్నాం.

పెండ్లివారి పిల్ల ఒకతి నీళ్ల జగ్గు పట్టుకొని మా వైపు వచ్చింది. నా కండ్లు చూసి ఒక్క క్షణం తడబడింది.

"ఏమైందవ్వా? దూపైతుందా?"

"ఐతుంది బిడ్డా, పొయ్యి" అని దోసిలి పట్టాను.